డీజిల్ ఇంకిన మట్టిని బాగు చేసుకోవడం

చిన్నా,

షెడ్డు వెనక డ్రమ్ముకు చిల్లుపడి డీజిలంతా నేలలోకి ఇంకిపోయిందని రాశావు. అన్నిటికన్నా ముందు బావి చూడు. నీళ్లలో వాసన వచ్చినా, పైన రంగుల పొర తేలినా మనుషులూ పశువులూ ఆ నీళ్లు ముట్టకూడదు. అప్పుడిక నువ్వొక్కడివే చేయగల పని కాదది, కాలుష్య నియంత్రణ మండలికి చెప్పాల్సిందే.

బావి బాగుంటే, తడిసిన మట్టి తవ్వి దళసరి ప్లాస్టిక్ పట్టా మీద అడుగు మందాన పరిచి, చుట్టూ గట్టు కట్టు. వానకు టార్పాలిన్ కప్పు. నిప్పు దగ్గరికి రానివ్వకు. సబ్బు పొడితో కడగమని ఎవరైనా చెబితే వినకు, డీజిల్ ఇంకా లోతుకు దిగుతుంది.

బాక్టీరియా పొడి కొనాలా అని అడిగావు. వద్దు నాన్నా. డీజిల్ తినే సూడోమోనాస్, రోడోకాకస్ లాంటివి మట్టిలో ముందే ఉంటాయి. డీజిల్లో కర్బనం దండిగా ఉంది కానీ నత్రజని, భాస్వరం చాలవు, అందుకే అవి పెరగలేవు. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడిచమురు ఒలికినప్పుడు తీరంలో ఎరువే వేశారు. అక్కడున్న బాక్టీరియాయే పుంజుకుంది. మన దేశంలో టెరి అనే పరిశోధన సంస్థ చేసిన ఆయిల్‌జాపర్ అనే బాక్టీరియా మిశ్రమం చమురు మడ్డికి పనికొస్తుంది, నీ షెడ్డుకి అంత అక్కర్లేదు.

ఎరువు మాత్రం లెక్కగా వెయ్యి. 100 పాళ్ల కర్బనానికి 10 నత్రజని, 1 భాస్వరం అన్నది వాడుకలో ఉన్న లెక్క. టన్ను మట్టిలో 10 కిలోల డీజిల్ ఉంటే యూరియా 1.8 కిలోలు, సూపర్ ఫాస్ఫేట్ 1.2 కిలోలు సరిపోతాయి. అదీ మూడు నాలుగు విడతలుగా. ల్యాబులో పనిచేసిన రోజుల్లో నేను ఎక్కువగా చూసింది ఎరువు చాలకపోవడం కాదు, గుప్పెళ్లకొద్దీ పోసి బాక్టీరియాను చంపుకోవడమే.

గాలి కూడా అంతే ముఖ్యం. మీది నల్లరేగడి, గట్టిపడిపోతుంది. తరిగిన వరిగడ్డి కలిపి వారానికోసారి తిరగెయ్యి. గుప్పిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు.

నెలలు పడుతుంది. మొదట్లోనే వాసన తగ్గుతుంది, దాన్ని నమ్మకు. తేలికపాటి భాగం ఆవిరైపోయి ఉంటుంది, బరువైనది మట్టిలోనే ఉంటుంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మట్టిలో డీజిల్ ఎంతుందో చెప్పే మొత్తం హైడ్రోకార్బన్ల పరీక్ష చేయించు. వాడిన ఇంజనాయిల్ కూడా అక్కడ పోసేవాళ్లయితే లోహాల పరీక్ష కూడా అడుగు. సీసం లాంటివి ఏ బాక్టీరియా తినదు, ఆ మట్టి చేలో వెయ్యకూడదు.

మొదటి రిపోర్టు రాగానే ఫొటో తీసి పంపు, ఎరువు లెక్క నేనే కట్టి చెబుతాను.

నీ పెద్దమ్మ