అడవికి పరాయి జీవులు: పరిశోధన ఒక్క దేశంతో ఎందుకు తీరదు?

ప్రశ్న: అడవుల్లో చొరబడిన పరాయి జాతుల మీద అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి పరిశోధన చేస్తున్నారని తరచు చదువుతుంటాను. చెట్టు కళ్లెదుటే ఎండిపోతున్నప్పుడు ఎక్కడివారు అక్కడ పరీక్షించుకుంటే సరిపోదా?
– ఒక వృక్షశాస్త్ర విద్యార్థిని

జవాబు: సరిపోదు. చెట్టు చనిపోతున్నది ఒకచోట, దాన్ని చంపుతున్న జీవిని గురించిన ఎరుక ఉన్నది మరొకచోట. ఐరోపా అడవుల్లో పెరిగే ఆష్ అనే చెట్ల సంగతే చూడండి. 1990ల తొలి ఏళ్లలో పోలండ్‌లో ఈ చెట్ల కొమ్మలు చివరల నుంచి ఎండుకుంటూ రావడం గమనించారు. కారణమైన శిలీంధ్రాన్ని గుర్తించి పేరు పెట్టేసరికి 2006 వచ్చింది. ఐరోపాలో రాలిన ఆకుల మీద ఎవరికీ హాని చేయకుండా ఎంతోకాలంగా బతుకుతున్న ఒక శిలీంధ్రానికి ఇది మరో దశ మాత్రమేనని 2009లో భావించారు. అలాగైతే ఇన్నాళ్లూ సాధువుగా ఉన్న జీవి ఉన్నట్టుండి ఎందుకు చంపసాగింది? డీఎన్ఏను పోల్చి చూశాక, పైకి ఒకేలా కనిపించే రెండు వేర్వేరు జాతులు ఉన్నాయని తెలిసింది. చివరకు 2012లో, జపాన్‌లో మంచూరియన్ ఆష్ ఆకుల మీద అప్పటికే వేరే పేరుతో నమోదై ఉన్న శిలీంధ్రమూ ఇదీ ఒకటేనని తేలింది. ఏడాది కిందట రాలిన ఆకుల ఈనెల మీద సన్నని కాడతో లేచే, కొద్ది మిల్లీమీటర్ల తెల్లని గిన్నెలాంటి జీవి అది. పుట్టినచోట అక్కడి ఆష్ చెట్టుతో సర్దుకుని బతుకుతుంది కనుక దాని గురించి హెచ్చరించాల్సిన అవసరం అక్కడివారికి ఎన్నడూ కలగలేదు. ఐరోపాలో వెతుకుతున్నవారికేమో అక్కడ చూడాలన్న ఆలోచనే తట్టలేదు. ఆ ఇద్దరూ ముందే కలిసి పనిచేసి ఉంటే ఎన్ని ఏళ్లు కలిసివచ్చేవో తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇందులో మరో మాట కూడా చెప్పాలి. నమూనాలు ఒక దేశం నుంచి, కీర్తి మరొక దేశానికి అన్న తీరులో సాగేది సహకారం కాదు. జన్యు వనరులను వాడుకునేటప్పుడు వాటిని ఇచ్చిన దేశపు అనుమతి, ప్రయోజనంలో ఆ దేశానికి వాటా ఉండాలని 2010 నాటి నగోయా ఒప్పందం చెబుతున్నది. అనుమతి పత్రాల వల్ల పని ఆలస్యమవుతుందని కొందరు పరిశోధకులు అంటారు. ఆ ఇబ్బంది నిజమే అయినా, ఒప్పందంలోని న్యాయాన్ని వదులుకోవడానికి అది కారణం కాకూడదని నా అభిప్రాయం.

ప్రశ్న: పరాయి పురుగును అణచడానికి దాని సహజ శత్రువును తెచ్చి వదులుతారట. రేపు అదే కొత్త బెడద కాదని నమ్మకమేమిటి?

జవాబు: మీ భయం అకారణం కాదు. చెరకు పురుగుల కోసం 1935లో ఆస్ట్రేలియాలో వదిలిన కప్పలు నేటికీ అక్కడి వన్యప్రాణులను పీడిస్తున్నాయి. ఆ పాఠం వల్లనే ఇప్పుడు, తెచ్చే జీవి లక్ష్యాన్ని తప్ప ఇతర జీవులను ముట్టుకుంటుందా అని ఏళ్ల తరబడి పరీక్షించి గాని బయట వదలరు.

ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే ఆకుపచ్చని పెంకుపురుగు 2002లో అమెరికాలోని డెట్రాయిట్ పరిసరాల్లో బయటపడింది. చనిపోయిన చెట్ల వార్షిక వలయాలను చదివితే, అది 1990ల నుంచే అక్కడ ఉన్నదని అర్థమైంది. దీని డింభకాలు, అంటే గుడ్ల నుంచి వెలువడే పిల్ల పురుగులు, బెరడు కింద మెలికలు తిరిగిన సొరంగాలు తొలుస్తూ, ఆహారం ప్రవహించే పొరను తినేస్తాయి. పురుగు స్వస్థలమైన చైనాలో అక్కడి శాస్త్రవేత్తలతో కలిసి వెతకగా దొరికిన చిన్న కందిరీగలను 2007లో మిషిగన్‌లో వదిలారు. వాటిలో ఒకటి గుడ్లు పెట్టే తన సన్నని గొట్టాన్ని బెరడులోకి దించి డింభకంలో గుడ్లు పెడుతుంది. ఒక్క డింభకం నుంచి పదుల కొద్దీ కందిరీగలు వెలువడతాయి. అయితే ఆ గొట్టం పొట్టిది. కాండం వ్యాసం సుమారు 12 సెంటీమీటర్లు దాటితే దళసరి బెరడును దాటి డింభకాన్ని అందుకోలేదు. అందువల్ల లేత చెట్లకు రక్షణ దొరికింది గాని పెద్ద చెట్లకు దొరకలేదు. ఆ లోటు తీర్చడానికి, మరింత పొడవైన గొట్టం గల కందిరీగను రష్యా తూర్పు ప్రాంతం నుంచి తెచ్చి, పరీక్షలన్నీ ముగిశాక 2015 నుంచి వదలడం మొదలుపెట్టారు. ఇప్పటికే కోట్ల చెట్లు పోయాయి, ఈ కందిరీగలు వాటిని తిరిగి తేలేవు. కొత్తగా మొలిచిన చెట్లు ఎదగడానికి మాత్రం వ్యవధినిస్తున్నాయి.

ప్రశ్న: శాస్త్రవేత్తలు కానివారికి ఇందులో పని ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది. 2008లో అమెరికాలోని వూస్టర్ పట్టణంలో ఆసియా లాంగ్‌హార్న్డ్ పెంకుపురుగు ఉన్నట్లు తెలిసింది, ఒక స్థానిక మహిళ తన పెరట్లో చూసి అధికారులకు తెలిపినందువల్లనే. ఇటువంటి పురుగులు ఎక్కువగా సరుకు రవాణాకు వాడే చెక్క పెట్టెల్లో దాగి వస్తాయి. అందుకే ఆ చెక్కను లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్‌కు చేరి 30 నిమిషాలు అలాగే ఉండేలా వేడిచేయడాన్ని 2002 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఆమోదిత పద్ధతుల్లో ఒకటిగా నిర్ణయించింది. మీ వంతుగా, చెట్టు ఎండిన ప్రాంతం నుంచి వంటచెరకును దూరానికి తరలించకండి. అనుమానం కలిగితే చెట్టు మొత్తం కనిపించేలా ఒక ఫోటో, బెరడు మీది రంధ్రం పక్కన నాణెమో స్కేలో ఉంచి దగ్గరగా మరో ఫోటో తీసి, తేదీ, కచ్చితమైన చోటు రాసి అటవీ అధికారులకు పంపండి. చచ్చిన పురుగు దొరికితే పారేయకుండా మూత ఉన్న సీసాలో దాచి ఉంచండి.