బ్యాంక్ గ్యారంటీ బదులు ష్యూరిటీ బాండ్ ఇస్తే ఎఫ్‌డీలు చేతికొస్తాయా?

ప్రశ్న: నేను రిజిస్టర్డ్ సివిల్ కాంట్రాక్టర్‌ని, ఖమ్మం. సొంత పేరు మీదే వ్యాపారం. బ్యాంక్ గ్యారంటీల మార్జిన్ (బ్యాంకు దగ్గర హామీగా ఉంచే సొమ్ము) కింద రూ.48 లక్షల ఎఫ్‌డీలు ఇరుక్కుపోయాయి. సైటు ఖర్చులకు రూ.20 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. కేంద్ర ప్రభుత్వ పనులకు ఇప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ బాండ్ ఇచ్చినా చాలంటున్నారు. అది తీసుకుని, ఎఫ్‌డీలు విడిపించి అమ్మాయి ఎంబీబీఎస్‌కు వాడుకోవచ్చా?

జవాబు: మీరు విన్నది నిజమే. 2022 బడ్జెట్‌లో ప్రకటించగానే కేంద్ర ఆర్థిక శాఖ తన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 170, 171 నిబంధనలను సవరించింది. ఈఎండీకి (టెండర్‌తో పాటు పెట్టే ధరావతు), పర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి (పని సరిగా పూర్తి చేస్తామని ఇచ్చే హామీ) ఇన్సూరెన్స్ ష్యూరిటీ బాండ్ కూడా చెల్లుతుందని చేర్చింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలు అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బాండ్ మొత్తం కాంట్రాక్టు విలువలో 30 శాతం దాటకూడదన్న షరతును 2023లో ఎత్తేశారు. అయితే 170, 171 కేంద్రం నిబంధనలు. రాష్ట్ర శాఖల పనులకు వాటి నిబంధనలు వేరు. టెండర్ పత్రంలో ఈ బాండ్ ప్రస్తావన లేకపోతే ప్రీ-బిడ్ దశలోనే, అంటే బిడ్ వేయకముందే రాతపూర్వకంగా అడగండి. ఎల్1 (అందరికంటే తక్కువ ధర వేసినవారు) అయ్యాక అడిగి లాభం లేదు.

ఇక మీ 48 లక్షలు. నడుస్తున్న పనుల గ్యారంటీని మధ్యలో మార్చాలంటే పని ఇచ్చిన ప్రభుత్వ శాఖ ఒప్పుకోవాలి, పాత గ్యారంటీని వెనక్కి ఇవ్వాలి. అప్పుడే బ్యాంకు ఎఫ్‌డీ మీద లీన్ (తన పట్టు) తీస్తుంది. దీని చుట్టూ తిరిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అంతకంటే కొత్త పనికి బాండ్ ఇవ్వండి, పాత పనులు ముగిసేకొద్దీ ఎఫ్‌డీలు బయటికి రానివ్వండి. పర్ఫార్మెన్స్ సెక్యూరిటీ సాధారణంగా డిఫెక్ట్ లయబిలిటీతో (పని అయ్యాక లోపాలు సరిచేసే బాధ్యత) సహా బాధ్యతలన్నీ తీరాక మరో 60 రోజుల వరకు ఉంటుంది కాబట్టి ఇది నెమ్మదిగా జరిగే పని.

అసలు విషయం ఇది. బాండ్ ప్రీమియం మీరు కట్టినా రక్షణ మీకు కాదు, శాఖకు. చిట్టీ పాడినవాడికి ష్యూరిటీ సంతకం పెట్టిన మనిషి ఎలాగో, ఇక్కడ ఇన్సూరెన్స్ కంపెనీ అలాగ. పని ఆగి శాఖ బాండ్‌ను క్లెయిమ్ చేస్తే కంపెనీ కట్టేస్తుంది, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకుంటుంది. ఆ హక్కు కాంట్రాక్ట్ చట్టం 145వ సెక్షన్‌లోనే ఉంది. దానికి తోడు ఇండెమ్నిటీ అగ్రిమెంట్ (కంపెనీకి వచ్చే నష్టాన్ని మీరు భర్తీ చేస్తారన్న ఒప్పందం) మీద విడిగా సంతకం కూడా తీసుకుంటారు. మీది సొంత పేరు మీద వ్యాపారం కాబట్టి ఇల్లూ పొలమూ అన్నీ దాని కిందికే వస్తాయి. ఇల్లు భార్య పేరు మీద ఉంటే ఆమెను గ్యారంటర్‌గా సంతకం పెట్టమంటారేమో చూసుకోండి. నేనైతే వద్దంటాను. ఆ సంతకం లేకుండా బాండ్ రాదంటే పాత గ్యారంటీతోనే సరిపెట్టుకోవడం మేలు.

కంపెనీలు గత మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఐటీ రిటర్నులు, చేతిలో ఉన్న పనుల వివరాలు అడుగుతాయి. కొన్నిసార్లు తాకట్టు కూడా అడుగుతాయి. అప్పుడు ఎఫ్‌డీ ఒక చోట నుంచి తీసి మరో చోట పెట్టినట్టే, టెన్షన్ తప్ప లాభం ఉండదు. ప్రీమియాన్ని బ్యాంక్ కమిషన్‌తో పోల్చేటప్పుడు బాండ్ కాలం మొత్తానికీ జీఎస్టీతో కలిపి రెండింటినీ లెక్కేయండి.

చేతికొచ్చే మొదటి 20 లక్షలు మాత్రం నేరుగా వడ్డీ అప్పుకే పోవాలి. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 40 వేలు, ఏడాదికి 4.8 లక్షలు. అదే 20 లక్షల ఎఫ్‌డీ 7 శాతం చొప్పున తెచ్చేది 1.4 లక్షలే. ఏటా 3.4 లక్షలు ఊరికే పోతున్నాయి.

మిగిలిన 28 లక్షలను అమ్మాయి డబ్బుగా అనుకోకండి. బాండ్ల కింద మీరు పూచీపడ్డ మొత్తం ఒక కాగితం మీద రాసి, అందులో కనీసం సగానికి తగ్గకుండా లీన్ లేని ఎఫ్‌డీలో ఉంచండి. అది పోగా మిగిలిందే ఫీజులకు. చాలకపోతే చదువు రుణం తీసుకోండి. రెండు రూపాయల వడ్డీ కంటే చాలా చౌక, పైగా ఆదాయపు పన్ను పాత విధానంలో ఉంటే ఆ వడ్డీకి మినహాయింపు కూడా వస్తుంది.