పై చెరువు నుంచే మొదలుపెట్టండి

ప్రశ్న: మాది గొలుసుకట్టులో రెండో చెరువు. నిరుడు పంచాయతీ డబ్బుతో గుర్రపుడెక్క మొత్తం తీయించాం. పై ఊరి చెరువు అలుగు పారగానే మళ్లీ కమ్మేసింది. ఆ ఊరివాళ్లను ఎలా కలుపుకోవాలి? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?
– వార్డు సభ్యుడు, వరంగల్ జిల్లా

జవాబు: పై చెరువులో డెక్క ఉండగా కింద ఎంత తీసినా నిలవదు. మురుగు కలిసిన వెచ్చటి నీళ్లలో అది రెండు వారాల్లోపే రెట్టింపవుతుంది. అలుగు మీదుగా కొట్టుకొచ్చే పది మొక్కలు చాలు. అందుకే గొలుసులోని ఊళ్లన్నీ ఒకే వేసవిలో, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గినప్పుడు, పై నుంచి కిందికి వరసగా తీయాలి.

ఖర్చు దగ్గరే పొత్తులు చెడతాయి. ‘ఎవరి చెరువులో డెక్క వాళ్లదే’ అంటే పై ఊరు కదలదు, ఎందుకంటే అక్కడ తీస్తే ఎక్కువ లాభం కింది ఊళ్లకే. ఆయకట్టు ఎకరాల లెక్కన వాటాలు వేసుకోవడమే న్యాయమని మా అభిప్రాయం. ఆ వాటాలను ప్రతి పంచాయతీ తీర్మానంలో రాయించండి. ఎంపీడీవోను, నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరు(ఏఈ)ని, మత్స్య సహకార సంఘాన్ని కూర్చోబెట్టండి. పైన పట్టణం మురుగు కలుస్తుంటే మున్సిపాలిటీ లేని ఒప్పందం దండగ. ఆ మురుగే డెక్కకు ఎరువు.

అంచనా వేసేటప్పుడు బరువు మరవకండి. దట్టంగా పట్టిన హెక్టారులో పచ్చి డెక్క 300 టన్నుల దాకా ఉంటుంది. మూడు టన్నుల ట్రాక్టర్ ట్రాలీకైతే వంద ట్రిప్పులు. అందులో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి ముందు ఒడ్డున పలచగా పరిచి ఆరనిచ్చి, తర్వాత తరలించండి. కట్ట వాలు మీద పోస్తే మొదటి వానకే మళ్లీ చెరువులో పడుతుంది. పూర్తి నీటిమట్టానికి పైనున్న జాగాలోనే కుప్ప వేయాలి.

చెరువులోకి నీరొచ్చే వాగుకు అడ్డంగా ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ములు, వెదుళ్లు కట్టి తేలే అడ్డు వేయండి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తిన్నగా కడితే వరద తోపుకు తెగుతుంది. ఏటవాలుగా కడితే మొక్కలు జారి ఒక గట్టుకు చేరతాయి, అక్కడ లాగేయొచ్చు. అలుగు మీద మాత్రం ఎన్నడూ కట్టొద్దు. డెక్క పేరుకుంటే నీళ్లు కట్ట మీదికెక్కి గండి పడుతుంది.

ఎక్కువమంది వదిలేసే పని ఇంకొకటుంది. గింజలు బురదలో 15 నుంచి 20 ఏళ్లు బతుకుతాయి, నీళ్లు రాగానే మొలుస్తాయి. కాబట్టి తొలి వానల తర్వాత నెల రోజులకోసారి అంచుల్లో మొలకలు ఏరించాలి. ఈ కూలి డబ్బు కూడా తీర్మానంలో ముందే పెట్టండి. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు తీసుకెళ్లే వలలు, తెప్పలు కడిగి, మొక్క ముక్కలు ఏరాకే కదిలించాలని మత్స్యకారులతో ఒప్పించండి.

కలుపు మందు జోలికి వెళ్లొద్దు. ఒక్కసారిగా కుళ్లిన డెక్క నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, చేపలు చస్తాయి. 2,4-డి అనే కలుపు మందు గాలికి చుట్టుపక్కల పత్తి మీద పడితే ఆకులు ముడుచుకుపోతాయి.