కేసు మీ డిక్కీలనే ఉన్నది, ఆ స్టెప్నీని ముట్టకండి

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. నాన్న రైస్ మిల్లుల గుమస్తాగ చేస్కుంట 1978 మోడల్ ప్రీమియర్ పద్మినీ సెకండ్‌హ్యాండ్‌ల కొన్నడు, ఆయన పోయి మూడేండ్లయింది. గుర్తుగ ఉంటదని కారును కంపెనీల నుంచి వచ్చినట్టే చేయిద్దామని నాలుగు రిమ్ములు హైదరాబాద్‌ల ఒక షాపుకిచ్చిన. 18 వేలకు మాట, 10 వేలు నా ఫోన్‌పే నుంచి కొట్టిన. 2024 వినాయక చవితి నాడు తెచ్చుకొని పెట్టిస్తే కొత్త బైకు అలాయ్ లెక్క తళతళ మెరుస్తున్నయ్, అమ్మ చూసి ఏడ్చింది. రెండు మళ్ల తీస్కపోయి ఇచ్చిన, దసరా అయినంక అన్నడు, సంక్రాంతి అయినంక అన్నడు, ఇప్పుడేమో మిగతా 8 వేలు కడితేనే రిమ్ములు ఇస్త అంటున్నడు. ఆ షాపుల పిల్లగాడు రెండు వేలిస్తే రాత్రి బయట పెడ్త అన్నడు. స్టెప్నీ ఒక్కటే పాత రంగుల ఉన్నది, దాన్ని కూడ ఇక్కడి పెయింటర్‌కిచ్చి అన్నీ ఒక్కతీరు చేయించుకుందామని. ఐదు లక్షలకు కేసు వేయొచ్చా?

జవాబు: మీరు పంపిన నాలుగు పేజీలల్ల మూడున్నర నాన్న గురించి, అమ్మ గురించి ఉన్నది. వినియోగదారుల కమిషన్ల అవి చదివేటోళ్లు ఉండరు. అక్కడ అడిగేది ఒక్కటే, "ఒరిజినల్ ఫినిష్ అంటే ఏ ఫినిష్? అది చేసిస్తనని వాడు ఒప్పుకున్నట్టు ఏమున్నది?" షాపాయన లాయర్ లేచి "సిల్వర్ వేయమన్నరు, సిల్వరే వేసినం" అంటే మీ దగ్గర జవాబేంది? కుర్లాల పద్మినీ తయారీ ఆగిపోయి దగ్గర దగ్గర పాతికేండ్లు, ఆ రంగు గిదే అని కాయితం రాసిచ్చే కంపెనీ లేదు.

కానీ మీకు సాక్షి ఉన్నది, డిక్కీల పండుకొని ఉన్నది. ఎండ తగలక, వానకు తడవక, నలభై ఏండ్ల సంది ఎవ్వరూ రేగ్‌మాల్ పెట్టని ఆ స్టెప్నీయే మీ కేసు. దాన్ని పెయింటర్‌కిస్త అని రాసిండ్రు చూడుండ్రి, నాకు ఆడనే కోపమొచ్చింది. కేసు గెలిపించే వస్తువును చేతులారా చెరిపేసుకొని తర్వాత లాయర్ దగ్గరికొస్తే లాయర్ ఏం చేస్తడు? ఈ రోజే స్టెప్నీ బయటికి తీసి పగటి వెలుతురుల, ఇంట్ల ఉన్న పెయింట్ చేసిన రిమ్ము పక్కన పెట్టి ఫోటోలు తీయండి. ముందు వైపు, వెనక వైపు, వీల్ క్యాప్ కింద దాగే చోటు, నట్లు కూర్చునే గుంటలు. కార్ డిటెయిలింగ్ చేసేటోళ్ల దగ్గర పెయింట్ మందం కొలిచే మీటరు ఉంటది, అది పెట్టి రెండిటి మీద మైక్రాన్లు కొలిపించి సంతకంతోని రాయించుకోండి. మీ ఫోటోలు చూస్తే నాకు అనిపించింది ఏందంటే వాడు వేసింది పౌడర్ కోటింగ్, అంటే పొడి కొట్టి దగ్గర దగ్గర 200 డిగ్రీల ఓవెన్ల కాల్చేది, పాత ఎనామిల్ పెయింట్ కన్న మందంగ కూసుంటది. అందుకే రిమ్ము మీద గుద్దిన నంబర్లు పూడిపోయినయ్. నట్టు గుంటల్ల కూడ అట్లనే పడితే నట్టు బిగువు నిలవదు, అది తేలేదాక ఆ రిమ్ములతోని సాగర్ రోడ్డు ఎక్కకండి. ఇది కేసుకు కూడ బలమే, "రంగు నచ్చలే" అనేది ఇష్టాయిష్టాల పంచాయితి, "నట్టు నిలుస్తలేదు" అనేది సేవల లోపం.

ఇగ ఆ పిల్లగాని సంగతి. నా రిమ్ములు నేను తెచ్చుకుంటే దొంగతనం ఎట్లయితది అనుకుంటున్నరు గదా, అయితది. రిపేరుకిచ్చిన గడియారం కథ పాత శిక్షాస్మృతిలనే ఉన్నది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 303ల కూడ అదే ఉదాహరణ ఉన్నది: రిపేరు పైసలు బాకీ ఉండి, ఆ బాకీ కింద గడియారం షాపాయన చట్టప్రకారం పట్టుకొని ఉంటే, ఆ హామీ పోగొట్టాలని ఓనరే తీస్కపోయినా దొంగతనమే. మూడేండ్ల దాక శిక్ష పడొచ్చు. పని చేసినోనికి కూలి వచ్చేదాక వస్తువు పట్టుకునే హక్కు కాంట్రాక్ట్ చట్టం 170 ఇస్తది. అనుకున్నట్టు పని చేయనోనికి ఆ హక్కు లేదని వాదించొచ్చు, నేనైతే కోర్టుల వాదిస్త, కానీ ఎనిమిది వేల కోసం మీ మీద క్రిమినల్ కేసు పెట్టించుకొని వాదించుడెందుకు. రెండు వేలు ఆ పిల్లగానికి ఇస్తున్నట్టు షాపు కెమెరాల పడితే మీరు ఫిర్యాదుదారు కాదు, ముద్దాయి.

8 వేలు కట్టండి. నగదు వద్దు, ఫోన్‌పేనే. కట్టే ముందు వాట్సాప్ల "పని ఒప్పుకున్నట్టు లేదు, నా రిమ్ముల కోసం అభ్యంతరంతో కడుతున్న, నా హక్కులు వదులుకుంటలేను" అని రాసి పంపి అప్పుడు కట్టండి. "పని మంచిగుంది" అని ఏ కాయితం మీద సంతకం పెట్టమన్నా పెట్టకండి.

అన్నిటికన్న ముందు తారీఖు. వినియోగదారుల చట్టం 69 ప్రకారం కారణం పుట్టిన నాటి నుంచి రెండేండ్లు. 2024 చవితి సెప్టెంబర్ 7న, అంటే 2026 సెప్టెంబర్ 7 లోపల ఫైల్ కావాలె. దసరా అన్నడు సంక్రాంతి అన్నడు అని మీరు ఆగిండ్రు, గడువు ఆగలే. మాటలు, మెసేజులు, నోటీసులు గడువును పెంచవు. ఆలస్యం మాఫీ అడగొచ్చు, సరైన కారణం చూపియ్యాలె, "నమ్మిన సార్" అనేది కారణం కాదు. నోటీసు తప్పనిసరి కూడ కాదు, పంపితే స్పీడ్ పోస్టుల పంపి 15 రోజులు ఇచ్చి ఊకోండి, జవాబు కోసం కాళ్లు చాపుకొని కూసోకండి.

షాపు హైదరాబాద్‌ల ఉన్నా మీరు ఉండేది మిర్యాలగూడల కాబట్టి 2019 చట్టం ప్రకారం నల్లగొండ జిల్లా కమిషన్లనే వేయొచ్చు. కట్టిన పైసలు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, మీకు మీరే వాదించుకోవచ్చు కూడ. ఐదు లక్షలు అడగకండి, పద్దెనిమిది వేల పనికి ఐదు లక్షలంటే మీ మాట మీదనే నమ్మకం పోతది. కట్టిన 18 వేలు, పాత ఫినిష్‌కు తెచ్చే ఖర్చుకు ఇంకో పెయింటర్ రాసిచ్చిన కొటేషన్, ఇబ్బందికి సరిపడంత, ఖర్చులు, గంతే.

"కంపెనీ ఫినిష్ పక్కా అన్నా" అని షాపాయన వాయిస్ మెసేజ్ పెట్టిండని రాసిండ్రు, మళ్ల అదే లైన్ల ఆ ఫోన్ ఎక్స్ఛేంజ్‌ల ఇచ్చేసిన అన్నరు. ఏమనాలె మిమ్మల్ని! బావకు ఫార్వర్డ్ చేసిన అన్నరు గదా, ఆ ఫోన్ జాగ్రత్త, ఆయనతోని అఫిడవిట్ ఇప్పించండి, ఫోన్ల ఉన్నది సాక్ష్యంగ చూపెట్టేటందుకు సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కూడ పెట్టండి. కన్స్యూమర్ కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరం అక్షరం పట్టుకోదు గానీ అవతలోనికి సందు ఇచ్చుడెందుకు.

చివర్ల చిన్నగ రాసిండ్రు, ఆర్సీ ఇంకా నాన్న పేరు మీదనే ఉన్నదని. ఈ కేసుకు అడ్డం కాదు, పని చెప్పింది మీరు, పైసలు పోయింది మీ ఖాతా నుంచి. కానీ ఓనర్ పోయిన 30 రోజుల్ల ఆర్టీఓకు చెప్పి మూడు నెలల్ల బండి వారసుల పేరు మీదికి మార్చేటందుకు ఫారం 31 పెట్టాలె, మీరు మూడేండ్లు చేసిండ్రు. రేపు ఆ కారు ఎవరికన్నా తగిలితే ఇన్సూరెన్సోళ్లు మొదలు అడిగేది ఆ కాయితమే. సోమవారం ఆర్టీఓ ఆఫీసుకు పోండి, స్టెప్నీ మాత్రం ఇంట్ల తాళం ఏసి పోండి.