ఘాట్ ఎక్కేసరికి లాగని పద్మిని: కార్బొరేటర్ విప్పే ముందు చూడవలసినవి

ప్రశ్న: మా ఇంట్లో 1984 నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. ఊళ్లో చక్కగా తిరుగుతుంది. అరకు బయలుదేరితే ఎస్.కోట దాకా ఏ ఇబ్బందీ ఉండదు గానీ, ఘాట్ మొదలయ్యాక కొద్దికొద్దిగా నీరసించిపోయి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగదు. పక్కన ఆపి పావుగంట ఆగితే మళ్లీ మామూలే. కార్బొరేటర్ రెండుసార్లు విప్పించాను, ప్లగ్గులు మార్పించాను. బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను కానీ ఎక్కడ తగిలించాలో తెలియడం లేదు. ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు పెట్టించమని మెకానిక్ అంటున్నారు. ఏం చేయమంటారు? – విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వీలుంటే ముందు ఆ స్కానర్‌ను తిరిగి ఇచ్చేయండి. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాలను మాత్రమే అది చదవగలదు, మీ కారులో ఆ కంప్యూటరే లేదు. పద్మినిలో పెట్రోలు పాళ్లు చూసేవి కార్బొరేటర్‌లోని జెట్లు, స్పార్క్ ఎప్పుడు పడాలో చూసేవి డెల్కో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్)లోని పాయింట్లు. కాబట్టి పరీక్షలన్నీ చేత్తోనే చేయాలి. అదృష్టవశాత్తూ మీ ఉత్తరంలోనే సగం సమాధానం ఉంది.

ఇగ్నిషన్‌లో, అంటే స్పార్క్ పుట్టించే భాగాల్లో, లోపముంటే బండి సాధారణంగా మిస్ కొడుతుంది, కుదుపుతుంది, లేదా ఒక్కసారిగా ఆగిపోతుంది. పెట్రోలు అందనప్పుడు మాత్రం మీరు రాసినట్టే మెల్లగా నీరసిస్తుంది. ఎందుకంటే కార్బొరేటర్ తొట్టిలో ఉన్న కొద్దిపాటి పెట్రోలుతో కాసేపు నడిచి, ఆ మట్టం తగ్గేకొద్దీ గాలి పాలు పెరిగి బలం కోల్పోతుంది. ఊళ్లో ఈ లోపం ఎందుకు బయటపడదో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, లీటరుకు 12 కిలోమీటర్ల చొప్పున తిరిగే బండికి నిమిషానికి సుమారు 42 మిల్లీలీటర్ల పెట్రోలు సరిపోతుంది. అదే 1089 సీసీ ఇంజిన్ తనకున్న సుమారు 40 హార్స్‌పవర్‌నూ ఎగువలో పూర్తిగా ఇవ్వాలంటే నిమిషానికి దాదాపు పావు లీటరు కావాలి. సగం మూసుకుపోయిన గొట్టం మొదటి అవసరాన్ని ఏళ్ల తరబడి తీర్చగలదు గానీ రెండో దాన్ని ఒక్క నిమిషం కూడా తీర్చలేదు.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి కొంత బలం తగ్గడం సహజమే. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది, ఆ ఎత్తులో పదో వంతు దాకా శక్తి తగ్గుతుంది. అయితే ఆ కారణంగా తగ్గిన బలం పావుగంట విశ్రాంతితో తిరిగి రాదు.

ఈసారి ఘాట్‌లో బండి నీరసించగానే, వెనుక వాహనాలు లేవని చూసుకుని, చోక్ కొద్దిగా లాగండి. అది గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. ఆ క్షణంలో ఊపు తిరిగి వస్తే ఇంజిన్ పెట్రోలు కోసం అలమటిస్తున్నట్టే. తర్వాత సురక్షితమైన చోట ఆపి, వెంటనే ట్యాంకు మూత తిప్పండి. సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, ఆ తర్వాత బండి మామూలుగా లాగితే, ట్యాంకులోకి గాలి వెళ్లే రంధ్రం మూసుకుపోయింది. పెట్రోలు ఖాళీ అయినంత మేర గాలి లోపలికి చేరకపోతే ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు ఎంత గుంజినా ఫలితం ఉండదు. దానికి మరమ్మతు పిన్నుతో అయిపోతుంది.

మూతలో తప్పు లేకపోతే రబ్బరు గొట్టాలను అనుమానించాలి. ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. మా నాన్నగారి కారు ఇలాగే ఏడాదిపాటు ఏడిపించింది. ట్యాంకుకూ ఇనుప గొట్టానికీ మధ్య ఉన్న జానెడు రబ్బరు ముక్క బయటికి కొత్తదానిలా నల్లగా మెరుస్తూ ఉండేది. చివరికి దాన్ని నిలువునా కోసి చూస్తే లోపలి పొర ఉల్లిపొరలా ఊడి, పంపు గట్టిగా పీల్చినప్పుడల్లా దారికి అడ్డం పడుతోంది. పీల్చడం ఆగగానే మళ్లీ పక్కకు తప్పుకునేది. అప్పటి నుంచీ పాత కారు ఎవరు కొన్నా, ముందు రబ్బరు గొట్టాలన్నీ మార్చమనే చెబుతున్నాను. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, ట్యాంకు గోడలకు పట్టిన జిగురును కరిగించి ఫిల్టర్‌కు చేరుస్తుంది. అందువల్ల ఎస్‌ఏఈ జె30 ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టాలనే అడిగి తీసుకోండి. పంపుకు ముందు పారదర్శకమైన ఫిల్టర్ ఒకటి పెట్టించండి. అందులో బుడగలు వరుసగా కనిపిస్తుంటే ఎక్కడో క్లిప్పు వదులై గాలి పీలుస్తోందని అర్థం. పీల్చే వైపు చిల్లు పడితే చాలాసార్లు పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే ఈ లోపం ఎక్కువ మంది కంటపడదు.

అసలైన పరీక్ష సీసాతో. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని, స్పార్క్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ నుంచి డెల్కోకు వెళ్లే వైరు డెల్కో వైపు తీసి, ఇంజిన్ ఇనుప భాగానికి (ఎర్త్) గట్టిగా తగిలించండి. కార్బొరేటర్‌కు వచ్చే గొట్టాన్ని ఊడదీసి సీసాలో పెట్టి, మరొకరిని 15 సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. ప్రతి తోపుకూ పెట్రోలు బలంగా చిమ్మాలి. వచ్చినదాన్ని కొలిచి రాసుకోండి. తర్వాత ట్యాంకు గొట్టం తీసేసి, పంపుకు శుభ్రమైన పెట్రోలు డబ్బా నుంచి విడి గొట్టం ఇచ్చి అదే పరీక్ష మళ్లీ చేయండి. డబ్బాతో ఎక్కువ వస్తే లోపం ట్యాంకు వైపు ఉంది. రెండుసార్లూ తక్కువే వస్తే పంపు డయాఫ్రం (లోపల పైకీ కిందికీ ఆడుతూ పెట్రోలును లాగే పలచని పొర), వాల్వులు చూడాలి. రెండుసార్లూ ధారాళంగా వచ్చినప్పుడే కార్బొరేటర్‌లోని నీడిల్ వాల్వు (తొట్టిలోకి పెట్రోలు వదిలే, ఆపే సూది), ఫ్లోట్ (ఆ సూదిని కదిపే తేలే బుడ్డి) మట్టం వైపు వెళ్లాలి. అంతవరకూ దాన్ని మూడోసారి విప్పించవద్దని గట్టిగా కోరుతున్నాను.

చల్లగా ఉన్నప్పుడు అన్నీ బాగుండి ఘాట్‌లోనే తేడా వస్తుంటే వేడిని అనుమానించాలి. పంపు ఇంజిన్ దిమ్మకే బిగించి ఉంటుంది కాబట్టి, మెల్లగా ఎక్కే ఎగువలో గాలి చాలక లోపలి పెట్రోలు ఆవిరవుతుంది, ఆవిరిని పంపు నెట్టలేదు. పాత టాక్సీ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసేది ఇందుకే. ఆగిన చోట అలా వేసి చూడండి. పావుగంటకు బదులు మూడు నిమిషాల్లో కోలుకుంటే కారణం తేలినట్టే. వేడెక్కితే బలహీనపడే కాయిల్ కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తుంది, కానీ అప్పుడు చోక్ లాగినా ఊపు రాదు.

ఎలక్ట్రిక్ పంపు గురించి: ఇప్పుడే వద్దు. మూసుకుపోయిన గొట్టం వెనుక కొత్త పంపు పెట్టినా ఉపయోగం లేదు. పైగా ఈ కార్బొరేటర్‌కు 3 పీఎస్‌ఐ ప్రాంతంలో ఒత్తిడి చాలు. ఇంజెక్షన్ కార్లకు వాడే పంపు పెడితే నీడిల్ వాల్వును తోసేసి వేడి ఇంజిన్ మీద పెట్రోలు పొంగుతుంది. పరీక్షలన్నీ అయ్యాక కూడా అదే అవసరమని తేలితే, తక్కువ ఒత్తిడి పంపును ట్యాంకు దగ్గర బిగించి, ప్రమాదం జరిగినప్పుడు కరెంటు ఆపేసే ఇనర్షియా స్విచ్ తప్పనిసరిగా పెట్టించండి.

ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది. ఇంజిన్ ఆయిల్ పుల్ల బయటికి తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పోసినదానికంటే పెరిగినా, పంపు డయాఫ్రం చిరిగి పెట్రోలు ఆయిల్‌లోకి దిగుతోందని అనుమానించాలి. అలా అయితే పంపు బాగుచేసి ఆయిల్ మార్చేదాకా బండి తీయకండి.