చెంగ్డూలో పాఠాలు చెప్పబోయేవారికి

చైనా నగరం చెంగ్డూలోని ఒక అంతర్జాతీయ పాఠశాలలో గణితం చెప్పే ఉద్యోగం వచ్చిందనీ, చైనా భాష ఒక్క ముక్క రాదనీ, నెట్టుకురాగలనా అనీ కరీంనగర్ నుంచి ఒక సోదరి అడిగారు. ఇదే నగరంలో ఎనిమిదేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నవాణ్ణి కాబట్టి ఉన్నమాట చెబుతాను. భాష రాకుండా ఇక్కడ బతకడం ఇప్పుడు చాలా సులభం, కానీ ఆ సులభానికి అలవాటు పడినవారు ఐదేళ్ల తర్వాత కూడా నిన్న దిగినవారిలాగే ఉండిపోతారు.

ముందు కాగితాల సంగతి. ఉద్యోగానికి జెడ్ వీసా మీదే రావాలి. దేశంలో అడుగుపెట్టిన 30 రోజుల లోపు నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. హోటల్లో దిగితే మీ వివరాలను వారే పోలీసులకు పంపుతారు కానీ, అద్దె ఇంట్లోకి మారినప్పుడు మాత్రం 24 గంటల లోపు మీరే స్థానిక పోలీసుల వద్ద నమోదు చేయించుకోవాలి. ఈ నియమం తెలియక నేను శనివారం ఇల్లు మారి సోమవారం స్టేషనుకు వెళ్ళాను. చట్టప్రకారం 2,000 యువాన్ల దాకా జరిమానా వేయవచ్చు. ఆ అధికారి ఎందుకో దయతలచి హెచ్చరికతో వదిలిపెట్టారు. మన పాస్‌పోర్టుతో ఆంగ్లం బోధించడానికి అనుమతి దొరకడం కష్టం, ఎందుకంటే దాన్ని సాధారణంగా ఆంగ్లం మాతృభాషగా ఉన్న దేశాలవారికే ఇస్తారు. విద్యార్థి వీసా మీద రండి, ఆంగ్లం చెప్పవచ్చు అనే దళారి మాట నమ్మకండి. సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకోవచ్చనే ఆశ కూడా వదులుకోండి: అనుమతిలో లేని చోట పనిచేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా పడుతుంది, తీవ్రమైన సందర్భాల్లో కొన్నాళ్ళు నిర్బంధం కూడా ఉంటుంది.

చెల్లింపుల యాప్ అలీపేను బయలుదేరకముందే, చెల్లింపులకూ కబుర్లకూ పనికొచ్చే వీచాట్‌ను ఇక్కడికి వచ్చాక ఫోనులో పెట్టుకుని మీ బ్యాంకు కార్డును (వీసా లేదా మాస్టర్) జతచేసుకోండి. కొత్తిమీర కట్ట కొన్నా క్యూఆర్ కోడే. ఇంటివాళ్ళతో మాట్లాడటం దగ్గర మాత్రం విచిత్రమైన ముడి పడుతుంది: ఇక్కడ వాట్సాప్, గూగుల్, యూట్యూబ్ తెరుచుకోవు, 2020 నుంచి మన దేశంలో వీచాట్ నిషేధంలో ఉంది. మన సిమ్ముకు అంతర్జాతీయ రోమింగ్ వేయించుకుని వస్తే ఆ డేటా మీద వాట్సాప్ పనిచేస్తుంది. ఖర్చు ఎక్కువే అయినా, అమ్మ కంగారు పడకుండా ఉండటానికి మొదటి నెల అది చాలు. ఇక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని ఆవిడకు ముందే చెప్పి ఉంచండి.

ఇక భాష. మనం చెంగ్డూ అని రాస్తున్నాం గానీ, ప్రామాణిక చైనా భాషలో దాదాపు ఛెంగ్‌తూ అంటారు. రోమన్ లిపిలో చూసి చదివితే మోసపోతాం: అందులో బి, డి, జి అని రాసేవి నిజానికి మన ప, త, కలు; పి, టి, కె అని రాసేవి ఒత్తు పలికే ఫ, థ, ఖలు. ఆంగ్లేయ సహోద్యోగులు నెలల తరబడి కుస్తీపట్టే ఈ తేడా మనకు పలకాబలపం నాటిదే. ష, శల భేదం కూడా ఇక్కడ ఉంది. ఇంకా ముచ్చటేమిటంటే, ‘చాలా’లోని దంత్య చకారం, ‘చీమ’లోని తాలవ్య చకారం ఈ భాషలో రెండు వేర్వేరు హల్లులు. అందుకే నోటుపుస్తకంలో ప్రతి మాటనూ తెలుగు లిపిలో రాసుకోండి. కాకరకాయను నేను ‘ఖూక్వా’ అని రాసుకున్నాను. మొదటిసారే కూరగాయలామెకు అర్థమైంది.

స్వరాల దగ్గర, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తే దించే తీరు దగ్గర మాత్రం మన అక్షరమాల ఆదుకోదు. పాఠ్యపుస్తకం ప్రకారం ‘మాయ్’ అన్నది దిగి లేస్తే కొనడం, నిటారుగా పడితే అమ్మడం. అలాగే వల్లెవేసుకుని సంతకు వెళ్ళి ఖూక్వా ‘కొంటాను’ అంటే ఆమె పకపకా నవ్వి, నీ గంప ఏదీ అని సైగ చేసింది. చెంగ్డూ యాసలో ఆ రెండు స్వరాల నడక దాదాపు తారుమారు అవుతుందని తర్వాత తెలిసింది. ఈ యాసలో షకారం కూడా సకారమవుతుంది కాబట్టి నాలుగూ పదీ ‘స’ దగ్గరే కలుస్తాయి, స్వరం ఒక్కటే వాటిని విడదీస్తుంది. అందుకే కాబోలు అమ్మేవాళ్ళు ఒక్క చేత్తోనే పది దాకా అంకెలు చూపిస్తారు. బొటనవేలూ చిటికెనవేలూ చాపితే ఆరు. నేను ఫోన్ చేయమంటోందనుకుని నంబరు చెప్పబోయాను. ఆ ఆరు యువాన్లు కిలోకు కాదు, ‘చిన్’ అనే 500 గ్రాముల కొలతకు అన్నది మరో పాఠం. ఆమెను ‘ఆయీ’ అని పిలవండి. మన పిన్నిలాంటి మాట.

కారం తినే నోరు అని ధీమాగా రాకండి. ఇక్కడి మిరపకాయ మనకు కొత్త కాదు, దానితో జోడుకట్టే ‘హ్వాచ్యావ్’ అనే మిరియంలాంటి దినుసు నాలుకను మంట పెట్టదు, మొద్దుబారుస్తుంది. శాకాహారులైతే ‘వో ఛి సూ’ (నేను శాకాహారం తింటాను) అనే మూడు మాటలు నేర్చుకోండి. మాంసం వద్దు అని మాత్రమే చెబితే మాపో తోఫు అనే సోయా పనీరు కూర పైన సన్నగా తరిగిన మాంసం చల్లుకుని రావచ్చు, ఎందుకంటే వండేవారి లెక్కలో అది మాంసపు కూర కాదు. వెన్‌షూ బౌద్ధ విహారంలోని భోజనశాలలో మాత్రం నిశ్చింతగా తినవచ్చు.

చలికాలంలో బీజింగ్‌లోలా ఇళ్ళకు ఉమ్మడి వేడి సరఫరా దక్షిణాన ఉండదు. మంచు పడదు గదా అని తేలిగ్గా తీసుకుంటే, తేమతో కలిసిన చలి ఎముకల్లోకి దిగుతుంది. కోటు విప్పకుండానే పాఠం చెప్పిన రోజులున్నాయి. నవంబరు రాకముందే విద్యుత్ దుప్పటి కొనుక్కోండి.

పాఠశాలలో ‘లావ్‌షి’ (గురువు) అనే పిలుపుకు గౌరవం ఎక్కువ. ఉపాధ్యాయ దినోత్సవం మనకు సెప్టెంబరు 5 అయితే వారికి 10, కాబట్టి రెండుసార్లు శుభాకాంక్షలు అందుకోవచ్చు. మధ్యాహ్నం పిల్లలు బల్లల మీదే తలవాల్చి నిద్రపోయే వేళ కారిడార్లో గట్టిగా మాట్లాడకండి. సెలవుల లెక్కలో మాత్రం ఒక మెలిక ఉంది: పండుగకు వరుసగా ఇచ్చిన రోజుల్లో కొన్నింటిని ముందో వెనకో వారాంతాల్లో పనిచేసి తీర్చాలి, అందువల్ల మరుసటి ఏడాది పట్టిక వెలువడకముందే టిక్కెట్టు కొని నష్టపోయినవారిలో నేనూ ఉన్నాను. సంక్రాంతికి ఇంటికి చేరాలన్న కోరిక ఉంటే దాన్ని పక్కన పెట్టండి. అప్పటికి పరీక్షలు నడుస్తుంటాయి. పెద్ద సెలవులు చైనా కొత్త సంవత్సరమైన వసంతోత్సవంతో కలిసి ఆ తర్వాతే వస్తాయి. ప్రతిసారీ నేను చేరేది డబ్బా అడుగున మిగిలిన అరిసెల దగ్గరికే.