గ్యారేజీకి మినీ స్ప్లిట్: మనమే బిగించుకోవచ్చా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. 400 చదరపు అడుగుల గ్యారేజీని పని గదిగా మార్చాం. వేసవిలో చల్లదనం, చలికాలంలో వెచ్చదనం రెండూ కావాలి. సొంతంగా బిగించుకోవడానికి ఎలాంటి మినీ స్ప్లిట్ (గది లోపల ఒక యూనిట్, బయట ఒక యూనిట్ ఉండే ఏసీ) కొనాలి?

జవాబు: గోడలకు, పైకప్పుకు, గ్యారేజీ తలుపుకు ఇన్సులేషన్ ఉంటే 12,000 బీటీయూ (ఏసీ సామర్థ్యం కొలత), అంటే ఒక టన్ను, సరిపోతుంది. లేకపోతే ముందు ఆ ఖర్చు పెట్టండి. అవసరానికి మించిన పెద్ద మిషన్ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ అలాగే ఉండిపోతుంది.

గ్యాస్ ముందే నింపిన గొట్టాలతో వచ్చే హీట్ పంప్ రకమే, అంటే చల్లదనం, వెచ్చదనం రెండూ ఇచ్చేదే, తీసుకోండి. మామూలు రకానికి గొట్టాల్లోని గాలి తీసే వాక్యూమ్ పంపు, ఒత్తిడి చూసే గేజీలు కావాలి. అమెరికాలో రిఫ్రిజిరెంట్‌తో (ఏసీలోని గ్యాస్‌తో) పని చేసేవాళ్లకు ఈపీఏ (పర్యావరణ రక్షణ సంస్థ) 608 సర్టిఫికెట్ కూడా ఉండాలి.

గొట్టాలు వెళ్లే గోడ రంధ్రం బయటివైపు కొంచెం వాలుగా ఉండాలి, లేదంటే నీళ్లు గదిలోకి కారతాయి. ఎక్కువమంది పొరపాటు చేసేది గొట్టాల దగ్గరే. మిగిలిన గొట్టాన్ని కోయకూడదు, కోస్తే గ్యాస్ పోతుంది. దాన్ని చక్రంలా నిలబెట్టి చుడితే కంప్రెసర్ ఆయిల్ అడుగున నిలిచిపోతుంది. అలా కాకుండా, పళ్లెంలా పడుకోబెట్టి చుట్టండి. నట్టు బిగించేటప్పుడు రెండు రెంచీలు వాడండి: ఒకటి ఫిట్టింగును కదలకుండా పట్టుకోవడానికి, రెండోది తిప్పడానికి. గొట్టం మెలిపడితే సీలు దెబ్బతింటుంది. వాల్వులు తెరిచాక జాయింట్లకు సబ్బు నురగ రాయండి. బుడగలొస్తే లీకే.

230 వోల్టుల ప్రత్యేక సర్క్యూట్, బయట డిస్‌కనెక్ట్ (కరెంటు ఆపేసే) స్విచ్ పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించండి. పర్మిట్ సంగతి మీ సిటీ ఆఫీసులో ముందే కనుక్కోండి.